కాఫీ తోటా, నిప్పుకోళ్ల ఫారమా?

ఆఫ్రికా ఫారంలో ప్రేమ, సాహసం కలిపి నవల రాయాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది కెన్యా కాఫీ తోట. ఎత్తైన నేల, చల్లటి గాలి, మొంబాసా రేవు నుంచి వచ్చే రైలు: అందానికి లోటుండదు. కానీ స్థానిక కికుయు తెగ రైతుల భూములు లాక్కుని అక్కడ చాలా తెల్లవాళ్ల ఎస్టేట్లు వెలిశాయి. ఆ కికుయులను టీ అందించే నౌకర్లుగానే చూపించే ప్రేమకథకు నాకు మనసొప్పదు.

నా ఓటు దక్షిణాఫ్రికాలోని ఔట్స్‌హూర్న్ నిప్పుకోళ్ల ఫారానికే. అక్కడ టెన్షన్ కల్పించక్కర్లేదు. గుడ్ల కాలంలో మగపక్షి మీదికొచ్చి ముందుకు తన్నిందంటే ఆ గోటికి పొట్ట చీలిపోవచ్చు. అందుకే పనివాళ్లు పొడవాటి ముళ్లకొమ్మ పట్టుకుని తిరిగేవారు. దాన్ని పక్షి మొహానికి అడ్డం పెడితే అది వెనక్కి తగ్గుతుంది. అక్కడా కూలీల కష్టం ఉంది, దాన్ని దాచకుండా రాయాలి.

యూరప్ ఆడవాళ్ల టోపీలకు ఈకలు అమ్మి యజమానులు రాజభవనాల్లాంటి ఇళ్లు కట్టుకున్నారు. 1914లో ధర కుప్పకూలింది. ఈకల వ్యాపారి కూతురికి, ఫారం కుర్రాడికి మధ్య ప్రేమను సరిగ్గా ఆ ఏడాదిలో పెడితే వేరే విలన్ అవసరమే ఉండదు.