వయ్యారిభామకు 2,4-డి పొడి: గట్టుకు సరే, పత్తి పక్కన వద్దు

వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మీద కొట్టడానికి మందుల షాపులో ఎక్కువగా చేతికిచ్చేది 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడి. పాత రైతులు ఇప్పటికీ ఫెర్నాక్సోన్ అనే బ్రాండ్ పేరుతోనే అడుగుతారు. వరిలో, మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకు వాడేదీ ఇదే. గట్లకూ పడావు భూములకూ అయితే 5కి 4 మార్కులు వేస్తాం. పత్తి, మిరప, టమాట పక్కన అయితే సున్నా.

దీని అసలు గుణం గరిక జోలికి పోకపోవడం. గడ్డినీ కలుపునీ కలిపి చంపే గ్లైఫోసేట్ మందు కొడితే గట్టు మొత్తం బోడి అవుతుంది, వానకు మట్టి కోసుకుపోతుంది, ఖాళీ పడ్డ చోట ముందు మొలిచేది మళ్లీ వయ్యారిభామే. 2,4-డి కొట్టిన గట్టు మీద గడ్డి నిలిచి ఆ చోటును ఆక్రమించుకుంటుంది.

మోతాదు లీటరు నీటికి 5 గ్రాములు. 16 లీటర్ల పంపుకు 80 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, అంటే కిలో పొడి. ముందు బకెట్లో కొద్ది నీళ్లతో బాగా కలిపి, గుడ్డలో వడకట్టి పంపులో పోయాలి. ఉప్పు బోరు నీళ్లు పనికిరావు. ఆ నీళ్లలోని కాల్షియంతో కలిసి మందు తెల్లటి మడ్డిగా అడుగుకు చేరుతుంది. నాజిల్ మూసుకుపోవడం ఒకటి, మందు బలం తగ్గడం ఇంకొకటి. చెరువు నీళ్లో, కాలవ నీళ్లో తెచ్చుకోండి. ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది కాబట్టి స్టిక్కర్ (మందు ఆకుకు అంటుకునేలా చేసే ద్రవం) కలపకపోతే చుక్క జారిపోతుంది.

అదును దాటితే డబ్బు దండగ. మొక్క నేలకు పరుచుకుని ఉన్నప్పుడు, కాడ పైకి లేవకముందే కొట్టాలి. మొలిచిన నాలుగు వారాలకే పూతకు వచ్చే మొక్క ఇది. అదునులో పడితే రెండో రోజుకే కాడలు మెలి తిరిగి ఆకులు తలకిందులవుతాయి, రెండు వారాల్లో ఎండిపోతుంది. తెల్లపూలు విచ్చుకున్నాక కొడితే పైకొమ్మలు వాడతాయి గానీ మొదలు నుంచి మళ్లీ చిగురు వస్తుంది, ఉన్న గింజ ఎలాగూ రాలుతుంది. ఒక్క మొక్క వేలల్లో గింజ రాలుస్తుంది. నేలలో ఉన్న గింజ మీద ఈ మందు పెద్దగా పనిచేయదు, తర్వాతి వానకు కొత్త మొలక ఖాయం. రెండో తడవ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఇక పత్తి సంగతి. గాలికి కొట్టుకొచ్చిన తుంపర తగిలితే చాలు, కొత్తగా వచ్చే పత్తి ఆకు సన్నగా చీలి, వేళ్లు చాచినట్టు బెండాకులా తయారవుతుంది. దాన్ని వైరస్ తెగులు అనుకుని ఇంకో మందు కొట్టేవాళ్లు బోలెడు మంది. గట్టు మీద కొట్టినా గాలి లేని పొద్దున పూట, నాజిల్‌కు హుడ్ (తుంపర చెదరకుండా ఆపే తొడుగు) తగిలించి, ఒత్తిడి తగ్గించి, నేలకు దగ్గరగా కొట్టాలి. షాపులో పొడి బదులు ఇథైల్ ఈస్టర్ 38 శాతం ద్రవం ఇస్తే తీసుకోవద్దు. అది ఎండకు ఆవిరై, కొట్టాక కూడా పక్క చేలోకి పాకుతుంది.

వానాకాలంలో వయ్యారిభామ ఆకులు జల్లెడలా తినేసి ఉంటే అక్కడ మందు అవసరం లేదు. అది మెక్సికన్ పెంకు పురుగు పని, 1984లో మన దేశానికి తెప్పించింది దీనికోసమే.

ఇంటి పెరట్లోకి ఈ పొడి అసలు తేవద్దు. తడి నేలలో, పూత రాకముందు, చేతికి గ్లౌజులు వేసుకుని వేరుతో పీకితే సరిపోతుంది. ఒట్టి చేత్తో పట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, దురద. మూతికి గుడ్డ కట్టుకోండి, పుప్పొడి ఆయాసం తెప్పిస్తుంది.

పంపు విషయంలో మాత్రం రాజీ వద్దు. రబ్బరు గొట్టంలో, వాషర్లలో ఇరుక్కున్న మందు నాలుగు సార్లు కడిగినా పోదు. అదే పంపుతో మిరపకు పురుగుమందు కొడితే మిరపే ముడుచుకుంటుంది. కలుపుమందుకు వేరే పంపు పెట్టుకోండి.