టెన్స్ యంత్రం: నొప్పి సరే, అలసట సంగతేమిటి?

నడుమునొప్పి ఏళ్ల తరబడి వదలనివారికి ఫిజియోథెరపిస్టులు సూచించే టెన్స్ యంత్రాన్ని (చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా స్వల్ప విద్యుత్ తరంగాలు పంపే పరికరాన్ని) నేను చాలాకాలంగా ఇంట్లో వాడుతున్నాను. దీని గురించి చెప్పేవారు సాధారణంగా నొప్పి ఎంత తగ్గిందో చెప్పి ఊరుకుంటారు. నన్ను నొప్పికంటే ఎక్కువగా కుంగదీసింది దాని వెంట వచ్చిన నిస్సత్తువ కాబట్టి, యంత్రాన్ని ఆ వైపునుంచే పరిశీలించదలిచాను.

కోఠిలో సర్జికల్ సామాన్లు అమ్మే దుకాణంలో కొన్న ఈ యంత్రం అరచేతిలో ఇమిడిపోతుంది. జిగురు ప్యాడ్లను నొప్పి ఉన్నచోటికి అటూ ఇటూ అంటించి మీట తిప్పితే చర్మం మీద చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. ఆ స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 1965లో శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం దానికి మూలం. నాకు 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు అన్నిసార్లు తరంగాలు వచ్చేలా పెట్టుకుంటే, హాయిగా ఉంటుంది. యంత్రం నడుస్తున్నంతసేపూ, ఆ తర్వాత కొంతసేపూ నొప్పి మందగిస్తుంది, అంతే. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుమునొప్పికి దీన్ని ఇవ్వవద్దనే చెప్పింది కాబట్టి, నాకు పనిచేసిందని అందరికీ పనిచేస్తుందనలేను.

ఇక అలసట. మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది రాత్రి పక్కకు ఒత్తిగిలిన ప్రతిసారీ మెలకువ తెప్పించి గాఢనిద్రను దోచుకుంటుంది. నిద్ర చాలని శరీరానికి మర్నాడు అదే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. పగలేమో నొప్పి ఉన్నచోటిని కాపాడుకోవడానికి చుట్టూ కండరాలు బిగుసుకునే ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీ వరకు కడ్డీ పట్టుకుని ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడితే, ఆఫీసులో కంప్యూటర్ తెరవకముందే ఒళ్లు డస్సిపోతుంది. "కూర్చుని చేసే ఉద్యోగమే కదమ్మా, అంత అలసట దేనికి?" అని ఇంటికొచ్చిన పెద్దవాళ్లు అడిగినప్పుడు, ఈ కనబడని శ్రమనంతా వివరించే ఓపిక కూడా మిగలదు.

మందుల సంగతి కూడా మరవకూడదు. ఇలాంటి నొప్పులకు రాసే ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి మగతను కలిగించవచ్చు. నీరసాన్నంతా నొప్పి ఖాతాలో వేయకుండా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, మాత్ర వేసుకునే వేళను కూడా సరిచేసిన వైద్యురాలికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

యంత్రం అలసటను నేరుగా తగ్గించదు. పడుకోబోయే ముందు అరగంట పెట్టుకుంటే నిద్ర తొందరగా పడుతుంది. సాయంత్రం పెట్టుకుంటే సరూర్‌నగర్ వీధుల్లో కొంతదూరం నడవగలుగుతాను. నాకు దీనివల్ల కలిగిన అసలు లాభం ఆ నడకే, ఎందుకంటే కదలిక తగ్గినకొద్దీ కండరాలు బలహీనపడి చిన్న పనికే ఆయాసం వస్తుంది. అయితే నొప్పి తెలియడం లేదని ఆదివారం పూట ఇల్లంతా సర్దడానికి పూనుకుంటే సోమవారం మంచం దిగలేము. అలసిపోకముందే ఆగడం, పనిని ముక్కలు చేసుకోవడం యంత్రం నేర్పదు, మనమే అలవరచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో చెమటకు ప్యాడ్లు ఊడిపోతాయి, నూనె రాసుకున్న ఒంటికి అసలు అంటవు. జిగురు తగ్గినప్పుడు నీటిచుక్క రాస్తే మరికొన్నాళ్లు వస్తాయి గానీ చివరికి కొత్తవి కొనక తప్పదు. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, మూర్ఛవ్యాధి ఉన్నవారు వైద్యుల అనుమతి లేకుండా దీన్ని ముట్టుకోకూడదు; మెడ ముందుభాగాన ఎవరూ పెట్టుకోకూడదు.

కొనాలనుకునేవారు ముందు ఫిజియోథెరపీ క్లినిక్‌లో కొన్నిసార్లు పెట్టించుకుని, ఆ రాత్రుల నిద్ర ఎలా ఉందో, మర్నాటి ఓపిక ఎలా ఉందో కూడా గమనించి నిర్ణయించుకోవాలి.