గొర్రెల యూనిట్టా, మహిళా సంఘం లోనా?

తెలంగాణ సర్కారు 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పట్లో ధర 1.25 లక్షలు, అందులో 75 శాతం సబ్సిడీ. చూడ్డానికి ఇంతకంటే మంచి బేరం లేదు.

కానీ జీవనోపాధిని కొలిచే తీరు వేరు. గ్రామీణాభివృద్ధి పరిశోధకులు రాబర్ట్ చాంబర్స్, గోర్డన్ కాన్వే 1992లో చెప్పింది ఇదే: దెబ్బ తగిలినా తట్టుకుని మళ్లీ లేచేదే సుస్థిరమైన బతుకుదెరువు. గొర్రెలకు ఆ దెబ్బ తొలకరిలోనే వస్తుంది. లేత గడ్డి ఎక్కువగా మేసిన జీవానికి చిటుక రోగం తగిలితే పొద్దున బాగున్నది సాయంత్రానికి ఉండదు. ముందే టీకా వేయించాలి. ఇక వరంగల్ వైపు ఎటు చూసినా పత్తే, ఏరడం అయ్యేదాకా చేలోకి మందను రానివ్వరు. ఆ తర్వాత మాత్రం రైతే పిలుస్తాడు. రాత్రి మంద కట్టిస్తే ఎరువు పడుతుంది, కాపరికి డబ్బో గింజలో ముడతాయి. ఈ సంబంధాలు ఏ సబ్సిడీతోనూ రావు.

మహిళా పొదుపు సంఘంలో తీసుకునే లోనుకు ఈ బాధ లేదు. బర్రె కొనాలా, కుట్టుమిషన్ పెట్టాలా అన్నది లోను తీసుకున్నామె ఇష్టం. పది పదిహేను మంది తోడుంటారు, ఒకరి కిస్తీ ఆగితే అందరికీ టెన్షన్, అదీ నిజమే. పైగా బర్రె ఈని పాలిచ్చేదాకా ఆగమంటే కిస్తీ ఆగదు.

గొల్లకురుమ ఇళ్లలో, మేపే మనిషి ఉంటే, నా ఓటు గొర్రెలకే. మిగతావాళ్లకు సంఘమే నయం, ఆ డబ్బు ఆస్పత్రి బిల్లుకు పోకుంటే.