పి16, పీడీ-ఎల్1, ఈజీఎఫ్ఆర్: నోటి క్యాన్సర్‌కు ఏ పరీక్ష మేలు?

మా చిన్నాయనకు బుగ్గ లోపలి పుండు ఎంతకీ మానలేదు. హనుమకొండలో ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. ముప్పై ఏళ్లు తంబాకు నమిలిన మనిషి. "పి16, పీడీ-ఎల్1, ఈజీఎఫ్ఆర్ కూడా చేయించండి, ఎన్నాళ్లు బతుకుతడో తెలుస్తది" అని తెలిసినవాళ్లొకరు అన్నారు. ఈ మూడూ గడ్డ ముక్కలో ఉండే ప్రోటీన్లను చూసే పరీక్షలు. ఇంట్లో అందరికీ టెన్షన్. డబ్బు కట్టేముందు డాక్టర్ని అడిగాను, దొరికినంత చదివాను.

మూడింట్లో బతుకు గురించి గట్టిగా చెప్పేది పి16. కాకపోతే గొంతులో మాత్రమే. టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర వచ్చే క్యాన్సర్లు కొన్ని హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి. ఆ వైరస్ కణంలో కాపలా కాసే ఆర్‌బీ ప్రోటీన్‌ను దెబ్బతీస్తే పి16 బాగా పెరుగుతుంది. ముక్కకు రంగు వేసి చూసినప్పుడు కనీసం 70 శాతం కణాలకు అది గట్టిగా పడితే పాజిటివ్. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, హెచ్‌పీవీ ఉన్న గొంతు క్యాన్సర్ రోగుల్లో మూడేళ్లకు 82 శాతం మంది బతికున్నారు. వైరస్ లేనివాళ్లలో 57 శాతమే. ఇలాంటి తేడా వల్లే తర్వాత ఆ క్యాన్సర్‌కు స్టేజీలు కూడా వేరుగా పెట్టారు. కానీ పొగ బాగా తాగినవాళ్లకు అక్కడా ఆ మేలు తగ్గింది. ఇక మన వరంగల్ వైపు బుగ్గకు, చిగుళ్లకు వచ్చేవి ఎక్కువగా తంబాకు, గుట్కా తెచ్చినవి. వాటిలో పి16ని చూసి భరోసా పెట్టుకోలేం.

ఈజీఎఫ్ఆర్ ఈ క్యాన్సర్లలో చాలామందికి ఎక్కువే ఉంటుంది. ఇంతమందికి ఉన్నదాంతో ఒకరిని ఇంకొకరి నుంచి ఎలా వేరుచేస్తాం? దానికి నేనైతే రూపాయి పెట్టను.

పీడీ-ఎల్1 సంగతి వేరు. అది ఆయుష్షు లెక్క కాదు, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందు (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి లేపేది) పనిచేసే అవకాశం ఎంతో చెప్పే లెక్క. ముఖ్యంగా జబ్బు తిరగబెట్టినా, వేరే అవయవాలకు పాకినా అడగాల్సిన పరీక్ష. తొలిదశలో ఆపరేషన్‌కు పోయే మనిషికి మొదటిరోజే అక్కర్లేదు. గడ్డ ముదిరి ఉంటే మాత్రం ఆపరేషన్‌కు ముందే డాక్టర్ని అడగాలి, ఎందుకంటే అలాంటివాళ్లకు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పెంబ్రోలిజుమాబ్ ఇవ్వడానికి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది, దానికి పీడీ-ఎల్1 చూస్తారు.

బుగ్గ క్యాన్సర్‌కు ఈ మూడింటికన్నా ఆపరేషన్‌లో తీసిన ముక్కల మామూలు రిపోర్టే నాకు మేలనిపించింది. గడ్డ ఎంత లోతుకు దిగింది, మెడ బిళ్ళల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి) పాకిందా, బిళ్ళ పొర చీల్చుకుని బయటికొచ్చిందా అన్నవి అందులోనే ఉంటాయి. వాటిని బట్టి చేయగలిగింది కూడా ఉంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 2015లో చూపించారు: తొలిదశ నోటి క్యాన్సర్‌లో గడ్డతోపాటే మెడ బిళ్ళలూ తీసేసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు, మెడలో జబ్బు కనిపిస్తేనే బిళ్ళలు తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం. అందుకే మేం డాక్టర్ని ముందుగా అడిగింది మెడ గురించే.

చిన్నాయనకు రెండూ ఒకేసారి తీశారు. ముక్కను మైనంలో పెట్టిన బ్లాక్ ల్యాబ్‌లో ఉంది. అవసరమొస్తే పీడీ-ఎల్1 దానిమీదే చేయొచ్చని చెప్పారు. ఆ బ్లాక్ నంబరు ఫైలు అట్టమీద పెద్దగా రాసి పెట్టాం.