వాట్సాప్ స్టేటస్ కింద ఆ కన్ను గుర్తు: ఎనిమిదేళ్లు వాడాక నా మాట

స్టేటస్ ఎట్లా పెట్టాలి, ఎన్ని గంటలు ఉంటుంది, ఇవన్నీ అందరికీ తెలిసినవే, రాయను. నేను రాసేది దాని కింద కనిపించే కన్ను గుర్తు గురించి, అంటే ఎవరెవరు చూశారో చూపించే లిస్టు గురించి. 2017 ఫిబ్రవరిలో స్టేటస్ వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. మూడేళ్లుగా మాత్రం ఆ లిస్టులో ఒక్క పేరు కోసమే వాడుతున్నాను. అది మా అన్న పేరు.

నల్లగొండలో గడియారం సెంటర్‌కు కొంచెం అవతల నాకు జిరాక్స్ షాపు ఉంది. ప్రింట్ కావాలని వచ్చినవాళ్లు ఫోన్ తీసి ముందు ఏ యాప్ తెరుస్తారో చూస్తే మనిషి సగం తెలిసిపోతాడని నాకొక నమ్మకం. టెలిగ్రామ్ తెరిచాడంటే గ్రూప్-2కో కానిస్టేబుల్‌కో చదువుతున్నాడని లెక్క, 300 పేజీల పీడీఎఫ్ ఉంటుంది, పేజీకి ఎంత అని రెండుసార్లు అడిగి చివరికి రెండు వైపులా వేయమంటాడు. ఫేస్‌బుక్ తెరిస్తే లీడర్ వెంట తిరిగే మనిషి, పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫొటో అందులోంచే తీసుకోమంటాడు, 5000 మంది నిండిపోయారు కాబట్టి రెండో అకౌంట్ తెరిచానని అడగకుండానే చెప్తాడు. డిగ్రీ పిల్లలు ఇన్‌స్టా తెరుస్తూనే స్క్రీన్‌ను అటు తిప్పేసుకుంటారు. మా షాపు పక్కన ఇడ్లీ బండి అక్కకు టిక్‌టాక్‌లో మంచి పేరుండేది. 2020 జూన్‌లో అది బంద్ అయ్యాక రీల్స్ చేయొచ్చు కదా అంటే, "అక్కడి మంది వేరే తమ్ముడూ" అని మళ్లీ ఫోన్ ముందుకు రానేలేదు.

మా అన్నకు వాట్సాప్ ఒక్కటే. హాలియాలో ఫర్టిలైజర్ షాపు. ఒక్క స్టేటస్ పెట్టడు, గ్రూపుల్లో దండం బొమ్మ కూడా పెట్టడు. అన్నీ చూస్తాడు, ఏమీ అనడు. బయట కూడా అంతే, పంచాయితీలో అందరూ అరుస్తుంటే ఆయన చెప్పులు చూసుకుంటూ కూర్చునే రకం.

మా ఇద్దరికీ చెడింది ఒక యాపచెట్టు దగ్గర. నాయన పోయాక పొలం పంచుకున్నాం, గెట్టు మీది చెట్టు ఎవరిదని ఎవరూ అడగలేదు. అన్న నాకు ఒక్క మాట చెప్పకుండా దాన్ని 14,000కు కట్టె కొనేటాయనకు అమ్మేశాడు. పైసల గురించి కాదు, మాట చెప్పాలి కదా అని నేను అన్నాను. నా చెట్టు నేను అమ్ముకున్నానని ఆయన అన్నాడు. ఇంకా కొన్ని మాటలు వచ్చాయి, అవి ఇక్కడ వద్దు. అప్పటి నుంచి ఫోన్లు లేవు, రాకపోకలు లేవు.

కానీ నేను రాత్రి 9:40కి స్టేటస్ పెడితే 9:42కి అన్న పేరు లిస్టులో ఉండేది. బత్తాయి బుట్ట ఫొటో పెట్టినా, షాపులో కొత్త మిషన్ పెట్టినా, ఊరికే వాన పడుతున్న వీడియో పెట్టినా. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబర్ ఒకరికి సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. అంటే ఇంత గొడవ అయినా అన్న నా నంబర్ తీసేయలేదు. ఇది తెలిసిన రోజు షాపు షట్టర్ సగం దించి కాసేపు అట్లనే కూర్చున్నాను. ఈ లిస్టు కంటే మంచిది ఏ యాప్‌లోనూ లేదని అప్పుడు ఎంతమందికి చెప్పానో. ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే చప్పట్లు కొట్టినవాళ్లే తెలుస్తారు, ఇక్కడ చప్పుడు చేయకుండా వచ్చి పోయినవాళ్లు కూడా తెలుస్తారని. 24 గంటలు దాటితే స్టేటస్‌తో పాటు లిస్టూ పోతుంది కాబట్టి పొద్దున లేవగానే ముందు అదే చూసేవాడిని. మా ఆవిడ నవ్వేది, "ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని" అని.

ఇప్పుడు నా తప్పు. మా బిడ్డ పుట్టెంట్రుకలు చెర్వుగట్టులో తీయించాం. రోజు, టైము రాసి స్టేటస్ పెట్టాను. రెండు నిమిషాల్లో అన్న చూశాడు. చూశాడంటే చెప్పినట్టే అనుకున్నాను, నిజంగా అట్లనే అనుకున్నాను. ఆ రోజు గట్టు మీద మంగలాయన కత్తి పట్టుకున్నాక కూడా మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. రాలేదు. తర్వాత వదిన ఎవరితోనో అన్నదట, "ఫోన్‌ల పెడితే పిలిచినట్టా" అని. ఆమె మాటలో తప్పేమీ లేదు. బొట్టు పెట్టి పిలవాల్సినచోట నేను లిస్టు చూసి ఊరుకున్నాను. అయినా రెండు రోజులు అలిగాక మళ్లీ స్టేటస్ పెట్టడం మొదలుపెట్టాను, అన్న మళ్లీ చూడడం మొదలుపెట్టాడు.

2025 వానకాలం, ఆగస్టులో అన్న పేరు మాయమైంది. ఒకరోజు లేదు, షాపులో బిజీ ఏమో అనుకున్నాను. వారం లేదు. నంబర్ తీసేశాడా, బ్లాక్ చేశాడా? బ్లాక్ చేస్తే ప్రొఫైల్ ఫొటో పోతుంది కదా అని చూస్తే ఫొటో ఉంది, మా నాయనతో దిగినదే. మరి ఆరోగ్యం బాగాలేదా? ఆయనకు బీపీ ఉంది. హాలియా నుంచి వచ్చే కస్టమర్లను అడ్డం తిప్పి అడిగేవాణ్ని, బాగానే ఉన్నాడు, యూరియా కోసం జనం షాపు మీద పడుతున్నారు అనేవాళ్లు. అన్న చూస్తే ఆపేద్దాం అని రోజుకు మూడు స్టేటస్‌లు పెట్టాను, కస్టమర్లు విసుక్కున్నారు. టెన్షన్‌తో ఒకసారి ఫోన్ చేయబోయి, రింగ్ కాకముందే కట్ చేశాను.

దసరాకు ముందు అన్న బిడ్డ, ఇక్కడే హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతుంది, ప్రాజెక్టు ప్రింట్ కోసం షాపుకు వచ్చింది. పిల్లలతో మాకు పంచాయితీ లేదు. ఫైల్ వస్తుంటే ఊరికే అడిగినట్టు అడిగాను, మీ నాయన ఫోన్ మార్చిండా బిడ్డా అని.

"లేదు చిన్నాయనా. యూరియా వచ్చిందా, రెండు బస్తాలు పక్కకు పెట్టు అని వందల మెసేజ్‌లు. చూసి కూడా జవాబు ఇస్తలేవని కొట్లాటకు వస్తున్నరు. అందుకే నేనే నాయన ఫోన్‌ల బ్లూ టిక్ తీసేసిన."

బ్లూ టిక్ తీసేస్తే స్టేటస్ చూసినా లిస్టులో పేరు రాదు. పొద్దంతా ఫోన్లతో బతికే నాకు ఆ నెలన్నర ఈ సంగతి తట్టనేలేదు.

అసలు మాట ఆ తర్వాత చెప్పింది. చూసినట్టు అవతలివాళ్లకు తెలుస్తుందని అన్నకు అప్పటిదాకా తెలియదట. ఈ పిల్లే చెప్పింది, ఇప్పుడు నువ్వు చూసినా చిన్నాయనకు కనబడదు అని. "అంటే ఇన్ని రోజులు కనబడిందా?" అన్నాడట. కాసేపు ఏమీ అనలేదట. యూరియా గోల తగ్గాక మళ్లీ ఆన్ చేయనా అంటే, "ఉండనియ్ అట్లనే" అన్నాడట.

మూడేళ్లు నేను దాన్ని అన్న పంపే కబురు అనుకున్నాను. ఆయన మాత్రం ఎవరూ చూడట్లేదనుకుని కిటికీలోంచి తొంగి చూసిపోయాడు. యాప్ చూసి మనిషిని చెప్తానని గొప్పలు పోయే నేను, తోడబుట్టినోడి దగ్గరే తప్పు చదివాను.

ఇంకా రోజూ చూస్తున్నాడా అని అడిగితే ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "నిన్న నువ్వు పెట్టిన కుక్కపిల్ల వీడియో నాకు చూపించిండు" అంది. ప్రింట్ పైసలు తీసుకోలేదు.

ఐదుకు నాలుగు ఇస్తాను ఈ కన్నుకు. చిట్టీలవాళ్లు, షాపువాళ్లు, అప్పులోళ్లకు దొరకొద్దనుకునేవాళ్లు బ్లూ టిక్ తీసేసుకోవడమే సుఖం. నాలాంటి పాలోళ్ల పంచాయితీ ఇంట్లో ఉంటే కొంచెం ఆలోచించండి. నేనైతే తీయలేదు, అన్న ఎప్పుడైనా స్టేటస్ పెడితే నా పేరు ఆయనకు కనబడాలి కదా. కాకపోతే బ్లూ టిక్ తీసేసినవాళ్లకు వాళ్ల స్టేటస్ ఎవరు చూశారో కూడా కనబడదు, ఆ సంగతి ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

నిన్న రాత్రి బత్తాయి చెట్ల ఫొటో పెట్టాను. 61 మంది చూశారని చూపిస్తోంది. నేను 62 అని లెక్కేసుకున్నాను.