దుబాయి గురుద్వారాలో ఉచిత భోజనానికి 45 దిర్హాముల బిల్లు

జెబెల్ అలీలోని గురు నానక్ దర్బారులో భోజనానికి ఎవరూ డబ్బు తీసుకోరు. మేము మాత్రం అదే భోజనానికి తలకు 45 దిర్హాముల చొప్పున నలుగురికి 180 దిర్హాములు, అంటే మన డబ్బులో నాలుగు వేల రూపాయలకు పైగా, హైదరాబాదులో ఉండగానే చెల్లించాము. మేము మాట్లాడుకున్న ట్రావెల్ ఏజెన్సీ వారు సగం రోజు ఆలయాల యాత్ర అని చెప్పి మనిషికి 195 దిర్హాములు తీసుకున్నారు. రసీదులో "గురుద్వారా దర్శనం, భోజనం: 45" అని విడిగా ఒక వరుస కూడా వేశారు. తిరిగి వచ్చాక నిలదీస్తే డబ్బు వాపసు రాలేదు, సవరించిన రసీదు వచ్చింది. అందులో ఆ 45 దిర్హాములు "సమన్వయ రుసుము"గా మారాయి. మావారు ఆ కాగితాన్ని బంధువులందరికీ చూపించి నవ్విస్తున్నారు కాని, నాకు ఇంకా నవ్వు రావడం లేదు.

మిగిలిన యాత్ర గురించి చెప్పవలసింది తక్కువే. బర్ దుబాయిలో మేము దిగిన త్రీస్టార్ హోటలు శుభ్రంగా ఉంది. గదికి రాత్రికి 260 దిర్హాములు, దానిపైన మరో 10 దిర్హాములు టూరిజం రుసుము పేరుతో కౌంటరులో కట్టించుకున్నారు. ఈ రెండోది ప్రభుత్వం విధించినది కనుక దాని మీద వాదనకు దిగి లాభం లేదు. బుర్జ్ ఖలీఫా, ఎడారి సఫారీ అందరూ చెప్పినట్టే ఉన్నాయి.

ఏజెన్సీ వ్యాను మమ్మల్ని ఆదివారం పదకొండు గంటలకు జెబెల్ అలీ చేర్చింది. చర్చిలు, గురుద్వారా, 2022 అక్టోబరులో తెరిచిన హిందూ ఆలయం అన్నీ ఒకే ప్రాంతంలో పక్కపక్కనే ఉంటాయి. గైడు వ్యాను దిగకుండానే, "లోపల భోజనం పెడతారు, మీ ప్యాకేజీలో ఉన్న భోజనం అదే, ముప్పావు గంటలో వచ్చేయండి" అని చెప్పి ఫోనులో మునిగిపోయాడు. గురుద్వారా పద్ధతులు చెప్పడం గాని, తలకు కట్టుకోవడానికి గుడ్డ ఇవ్వడం గాని అతని పనిలో లేనట్టుంది. మా అత్తగారిది బోధన్. అక్కడి నుంచి నాందేడు దగ్గర కనుక, సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన అక్కడి హజూర్ సాహిబు గురుద్వారాకు ఆమె చిన్నప్పటి నుంచే వెళ్ళి వచ్చిన మనిషి. మా అబ్బాయి ఎండను తిట్టుకుంటూ నిలబడితే, ఆమె కొంగు తలమీదికి లాక్కుని, "చెప్పులు అటు పెట్టుండ్రి, కాళ్ళు కడుక్కోండ్రి" అని మాకు గైడు పని చేసిపెట్టారు. తలగుడ్డలు ద్వారం దగ్గర బుట్టలో ఉచితంగానే దొరుకుతాయి.

రసీదు సంగతి బయటపడింది చెప్పులు దాచే కౌంటరు దగ్గర. భోజనం కూపన్లు ఎక్కడ చూపించాలని మావారు అడిగారు. అక్కడున్న పెద్దాయన ముందు మా మాట అర్థం కానట్టు చూశారు. తరువాత రసీదు తీసుకుని, అద్దాలు సవరించుకుని, రెండుసార్లు చదివారు. ఆయన ముఖంలో కోపం కనిపించింది గాని అది మా మీద కాదు. "ఇక్కడ రాజు వచ్చినా, కూలీ వచ్చినా డబ్బు లేదు. ఈ కాగితం ఎవరిచ్చారో వారినే అడగండి" అని హిందీలో చెప్పి, మా అత్తగారి చెప్పులను తానే వంగి అందుకుని అరలో పెట్టారు. డబ్బు తీసుకున్నవారు వ్యాను తలుపు కూడా తెరవలేదు, తీసుకోనివారు చెప్పులు మోశారు. నా కోపం అసలు మొదలైంది అక్కడే.

పై అంతస్తులోని దర్బారు హాలులో పాలరాయి, పెద్ద షాండ్లియర్లు, నేలంతా తివాచీ. సిక్కుల పవిత్ర గ్రంథమైన గ్రంథ సాహిబు ముందు మోకరిల్లి, వీపు తిప్పకుండా పక్కకు జరిగి కూర్చోవాలి, కాళ్ళు ఆ వైపు చాపకూడదు. కీర్తన సాగుతూ ఉంటుంది, ఎంతసేపు కూర్చున్నా లెమ్మని ఎవరూ అనరు. తిరుమలలో "జరగండి, జరగండి" అని అనిపించుకోవడం అలవాటైన మాకు ఇది విచిత్రంగానే తోచింది. ప్రసాదం గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసిన వేడి హల్వా. దాన్ని రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి.

లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, ఆ రోజు రొట్టెలు, పప్పు, బంగాళాదుంప కూర, అన్నం, పెరుగు, చివర పాయసం. అందరూ నేలమీద వరుసగా కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పులున్నవారికి గోడ పక్కన బల్లలు వేశారు కనుక మా అత్తగారికి ఇబ్బంది కాలేదు. రొట్టెను కూడా రెండు చేతులు చాచి అందుకోవాలి, పళ్ళెంలో విసిరించుకోకూడదు. పప్పు మన ఊళ్ళో పెళ్ళి పప్పులా చిక్కగా, పొగలు కక్కుతూ ఉంది. ముందు రోజు రాత్రి కరామాలోని ఒక భోజనశాలలో ప్లేటు 38 దిర్హాములకు ఎండిపోయిన పులావు తిని ఉన్నాము, ఆ లెక్క మావారు పాయసం తింటూ కూడా మరచిపోలేదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా తినేవారు మాత్రం ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఆహారం ఎప్పుడూ శాకాహారమే, అది ఏ మతంవారైనా పక్కపక్కన కూర్చుని తినగలగాలన్న నియమం వల్ల వచ్చింది.

మా వరుసలో సగానికి పైగా సిక్కులు కారు. పఠాన్లు, నేపాలీలు, ఫిలిప్పీన్సు దేశస్థులు ఉన్నారు, వారిలో చాలామంది దగ్గరలోని కార్మిక శిబిరాల నుంచి సెలవు రోజున వచ్చినవారే. పప్పు వడ్డిస్తున్న యువకుడు మా మాటలు విని ఆగిపోయాడు. అతనిది జగిత్యాల వైపు ఊరు, నిర్మాణ పనిలో ఉన్నాడు, సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడ వడ్డించి, గిన్నెలు కడిగి, తిని పోతాడట. "ఇక్కడ పైసలు ఎవరడుగుతరు పెద్దమ్మా, కడుపు నిండ తినుండ్రి" అని మా అత్తగారి పళ్ళెంలో మరో గరిటె వేశాడు. ఆమె అతని ఊరు, తల్లిదండ్రులు, అప్పు, పెళ్ళి అన్నీ విచారించారు. అప్పు సంగతి వచ్చినప్పుడు అతను మాట మార్చి పాయసం గురించి చెప్పాడు. గల్ఫుకు మన పల్లెల నుంచి వెళ్ళినవారికి ఈ గురుద్వారా ఏమిటన్నది ఏ కరపత్రంకన్నా అతని మాటల్లోనే తెలిసింది. వేడి భోజనం సరే, సూపర్‌వైజరు కనపడని ఒక పూట, పని అడిగితే కాదనకుండా చేతికి గరిటె ఇచ్చే చోటు కూడా అది.

ఇంతకుముందు దుబాయి సిక్కులు బర్ దుబాయిలోని ఆలయ సముదాయంలో మేడమీదనే ప్రార్థనలు చేసుకునేవారు. పాలకుడు షేక్ మొహమ్మద్ ఇచ్చిన స్థలంలో ఈ కట్టడం 2012 జనవరిలో తెరుచుకున్నాక ఇది వారి గుడిగా మాత్రమే మిగలలేదు. రంజాను నెలలో ఇక్కడ ఇఫ్తారు విందు ఇస్తారు. 2017 ఏప్రిల్‌లో 101 దేశాలవారికి ఒకేచోట అల్పాహారం పెట్టి గిన్నిస్ రికార్డు అందుకున్నారు. కరోనా కాలంలో పని పోయినవారికి భోజనం పంపారు, 2021లో ఈ ప్రాంగణంలోనే టీకాలు వేయించారు. గిన్నిస్ రికార్డు నన్ను పెద్దగా కదిలించలేదు గాని, టీకాలు వేయించిన ప్రాంగణంలోనే రొట్టెలు కాలుతున్నాయన్న సంగతి నచ్చింది.

అప్పటికి గైడు రెండుసార్లు ఫోను చేశాడు. పాయసం తింటున్న మా అబ్బాయి, అంతవరకూ ఏ చోటా అయిదు నిమిషాలు నిలవనివాడు, లేవనన్నాడు. పక్కనే ఉన్న హిందూ ఆలయానికి పావుగంట మాత్రమే మిగిలింది. పదహారు మంది దేవతామూర్తులతోపాటు గ్రంథ సాహిబుకూ అక్కడ స్థానం ఉందని చదివాము కాని, వరుసలో తోసుకుంటూ చూడడం తప్ప ఏమీ తృప్తిగా జరగలేదు. దానికి ఆలయం వారు కారణం కాదు.

అందుచేత తరువాత ఒక ఉదయం ఏజెన్సీతో సంబంధం లేకుండా మేమే వెళ్ళాము, ఎవరైనా అలాగే వెళ్ళాలని నా అభిప్రాయం. బుర్జుమాన్ నుంచి మెట్రో రెడ్ లైనులో ఎనర్జీ స్టేషను వరకు సిల్వర్ నోల్ అనే ప్రయాణ కార్డుమీద మనిషికి 7.50 దిర్హాములు. కార్డు కొనడానికి 25 దిర్హాములు పెడితే అందులో 19 ప్రయాణానికి పనికివస్తాయి. మెట్రోలో తిన్నా, తాగినా 100 దిర్హాముల జరిమానా ఉంది కనుక పిల్లల చేతిలో బిస్కట్ పొట్లం ఉండనివ్వకండి. స్టేషను నుంచి ట్యాక్సీకి మాకు 17 దిర్హాములు అయింది. నలుగురికి వెళ్ళడానికి మొత్తం 47 దిర్హాములు, ఏజెన్సీ ఒక్క మనిషికి వసూలు చేసిన దానిలో పావు వంతు కన్నా తక్కువ.

కీర్తన ప్రశాంతంగా వినాలనుకునేవారు పని దినాల్లో ఉదయం వెళ్ళాలి. సందడి, పొడవాటి వరుసలు, మనవాళ్ళతో మాటలు కావాలంటే ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాలి. మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి, సిగరెట్లు, పొగాకు వెంట తీసుకుపోకూడదు. కానుక ఇవ్వదలచుకుంటే గ్రంథ సాహిబు ముందున్న హుండీలో వేయండి, చేతికి ఇస్తే ఎవరూ తీసుకోరు. మా అత్తగారు రెండోసారి వెళ్ళినప్పుడు అందులో ఎంత వేశారో మాకు చెప్పలేదు, జగిత్యాల అబ్బాయి ఆ రోజు కనిపించలేదని మాత్రం దారంతా అంటూనే ఉన్నారు. తిరుగు ప్రయాణానికి గేటు ముందు ఖాళీ ట్యాక్సీ దొరకడం కష్టం. భోజనం ముగించి గిన్నె కడిగే చోట ఇచ్చేముందే ఫోనులో బుక్ చేసుకోండి, మధ్యాహ్నం ఎండలో పెద్దవాళ్ళను నిలబెట్టడం మంచిది కాదు.