మెరిసే షీటునూ గన్ను థర్మామీటరునూ నమ్మి ఇంటికప్పు మీద డబ్బు పొయ్యకండి: గోదావరి జిల్లాల వారికి జాగ్రత్త

ఎండలు ముదరకముందే మన డెల్టా ఊళ్లలో "కప్పు వేడి ఆపే షీటు" అమ్మేవాళ్లు ఇంటింటికీ తిరగడం మొదలవుతుంది. ఒక చేతిలో వెండిలా మెరిసే బబుల్ షీటు, ఇంకో చేతిలో గన్నులాంటి థర్మామీటరు. గన్ను రేకు మీద పెడితే 60 చూపిస్తుంది, దాని కింద పట్టుకున్న షీటు మీద పెడితే 35. కళ్లెదుటే 25 డిగ్రీలు తగ్గిందని అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తున్నారు. తీరా రోహిణి కార్తె వచ్చేసరికి గది మునుపటిలాగే ఉడికిపోతుంది, అమ్మినతను ఫోను ఎత్తడు. రేకుల ఇళ్ల వాళ్లూ డాబాల వాళ్లూ దాదాపు ఒకే తీరున మోసపోతున్నారు కాబట్టి, ఎక్కడ మోసం జరుగుతోందో, కొనే ముందు ఏం చూసుకోవాలో వివరంగా రాస్తున్నాం.

ముందు ఆ గన్ను సంగతి. వస్తువు నుంచి వెలువడే పరారుణ కిరణాలను కొలిచి అది ఉష్ణోగ్రత లెక్కగడుతుంది. మామూలు గన్నులు చాలావరకు వస్తువు ఎమిసివిటీ (వేడిని కిరణాలుగా వెలువరించే గుణం, గరిష్ఠం 1) 0.95 అనుకుని లెక్కవేస్తాయి. సిమెంటు, పెయింటు, చెక్క, తుప్పుపట్టిన రేకు ఇంచుమించు ఆ అంకెకు దగ్గరగానే ఉంటాయి. మెరిసే అల్యూమినియం మాత్రం 0.05 దగ్గర ఉంటుంది. అంటే గన్ను చూసేది షీటు వేడిని కాదు, అద్దంలో మొహం కనిపించినట్టు షీటులో ప్రతిఫలించే గది నేలనీ గోడల్నీ. షీటు నిజంగా కాలుతున్నా గన్ను చల్లగానే చూపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. షీటు మీద రెండంగుళాల నల్ల కరెంటు టేపు ముక్క అంటించి, పది నిమిషాలు ఆగి, గన్ను దగ్గరగా పెట్టి ఆ టేపు మీద కొలవమనండి. అసలు అంకె అప్పుడు వస్తుంది. టేపు మీద కొలవడానికి ఒప్పుకోని మనిషి దగ్గర ఏమీ కొనకండి.

అలాగని బబుల్ షీటు పూర్తిగా పనికిరానిదేం కాదు. అది వేడిని మందంతో ఆపదు, మెరుపుతో ఆపుతుంది. ఆ మెరుపు పనిచెయ్యాలంటే మెరిసే ముఖం ముందు కనీసం ఒక అంగుళం గాలి ఖాళీ ఉండాలి. మెరుపు కింది వైపుకు ఉంటే ఇంకా మేలు, దుమ్ము పేరుకోదు. కానీ మన దగ్గర చేస్తున్నదేమిటి? డాబా శ్లాబు అడుగున జిగురు పూసి అతికించేస్తున్నారు. లేదంటే రేకుకీ ఇనప పైపుకీ మధ్య నొక్కి స్క్రూ బిగించేస్తున్నారు. దాని మీద ఇంకో ప్లైవుడ్ కొడుతున్నారు. గాలి ఖాళీ పోయాక మిగిలేది నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు మాత్రమే.

ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎంత ఆపుతాయో లెక్క చూడండి. మందాన్ని మీటర్లలోకి మార్చి, ఆ పదార్థం కె-విలువతో (వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె) భాగిస్తే ఆర్-విలువ వస్తుంది. అది ఎంత ఎక్కువైతే వేడి అంత తక్కువ దిగుతుంది. కె-విలువ థర్మకోల్‌కు సుమారు 0.036, ఎక్స్‌పీఎస్ (థర్మకోల్ జాతికే చెందిన గట్టి నురగ) బోర్డుకు 0.030, పీయూఎఫ్‌కు (పాలీయురేథేన్ నురగ) 0.023, గ్లాస్ ఉల్ (గాజు పీచు ఉన్ని), రాక్ ఉల్ (రాతి పీచు ఉన్ని)లకు 0.035 నుంచి 0.040. 4 మిల్లీమీటర్ల బబుల్ షీటుకు 0.004ని 0.035తో భాగిస్తే 0.11 వస్తుంది. 50 మిల్లీమీటర్ల థర్మకోల్‌కు 1.39, అంతే మందం ఎక్స్‌పీఎస్‌కు 1.67. ఐదంగుళాల కాంక్రీటు శ్లాబు సొంతంగా ఆపేది 0.08 మాత్రమే. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం పైకప్పు యు-విలువ (మొత్తం ఆర్-విలువతో 1ని భాగిస్తే వచ్చేది, ఎంత తక్కువైతే అంత మేలు) 1.2 దాటకూడదు. డాబా మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ సరిగ్గా పరిస్తే అది ఆ హద్దులోనే ఉంటుంది. ఏసీ గది అయితే 50 వేయించుకోండి.

కరపత్రంలో "ఆర్ 8", "ఆర్ 15" అని కనిపిస్తే ఏ కొలమానంలోనో అడగండి. అమెరికా లెక్క మన మెట్రిక్ లెక్కకు 5.68 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఒకడు చెప్పిన 8, ఇంకొకడు చెప్పిన 1.4 రెండూ ఒకే సరుకు కావచ్చు. ఇక బబుల్ షీటుకు రాసే పెద్ద ఆర్-అంకెల్లో గాలి ఖాళీ వల్ల వచ్చేది కూడా కలిసి ఉంటుంది. ఖాళీ లేకుండా అతికిస్తే ఆ అంకె మీకు వర్తించదు.

షీటు మందం కూడా నమ్మకండి. పది పొరలు నొక్కకుండా పేర్చి, స్కేలుతో కొలిచి, పదితో భాగించండి. 8 అని చెప్పింది 5 దగ్గర తేలుతుంది చాలాసార్లు. మెరుపు అసలు అల్యూమినియం రేకుదా, లేక ప్లాస్టిక్కు మీద పూసిన పూతా అన్నది చీకటి గదిలో వెనక నుంచి ఫోను టార్చి వేస్తే తెలుస్తుంది. వెలుగు సన్నగా మసకగా ఇవతలికి వస్తే అది పూత. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి సన్నని పూత త్వరగా నల్లబడి మెరుపు పోతుంది. మెరుపు పోతే ఆ షీటుకు పని లేదు. అసలైన అల్యూమినియం రేకు అయినా తడి సిమెంటుకు తగిలితే సున్నం గుణానికి తినేస్తుంది, కొత్త ప్లాస్టరింగుకు అతికించనివ్వకండి.

థర్మకోల్, ఎక్స్‌పీఎస్ కొనేటప్పుడు మోసమంతా సాంద్రతలో ఉంటుంది. "హై డెన్సిటీ" అన్న మాటకు విలువ లేదు, తూకానికే విలువ. ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న థర్మకోల్ షీటు ఘనపరిమాణం 0.025 ఘనపు మీటరు. 20 సాంద్రత (ఘనపు మీటరుకు 20 కిలోలు) అయితే అర కిలో తూగాలి. 250 గ్రాములే తూగితే మీకు అంటగట్టింది టీవీ పెట్టెల్లో పెట్టే 10 సాంద్రత సరుకు. డాబా మీద దాని పైన కాంక్రీటు పోస్తే అది అణిగిపోతుంది, పైన పోసింది పగులుతుంది, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఎక్స్‌పీఎస్ బోర్డు 1250 x 600 x 50 కొలతలో ఉంటే, 32 సాంద్రతకు 1.2 కిలోలు రావాలి. 1.2 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు, 50 మందం ఉన్న గ్లాస్ ఉల్ రోలు 24 సాంద్రతకు 14.4 కిలోలు తూగాలి, 16 సాంద్రతకు 9.6 మాత్రమే. కిరాణా కొట్టు కాటా చాలు. దింపిన సరుకులో మీరే చేతికి అందిన షీటు తీసి తూచండి, వాళ్లు తీసిచ్చింది కాదు.

నిప్పు విషయంలో రాజీ పడొద్దు. థర్మకోల్ కరిగి మండుతూ చుక్కలుగా కారుతుంది, నల్లని పొగ ఊపిరాడనివ్వదు. ఆరుబయట, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకుని, చిన్న ముక్కకు అగ్గిపుల్ల చూపించి తియ్యండి. మంట ఆపే మందు కలిపిన సరుకైతే పుల్ల తీసిన కొద్ది క్షణాల్లోనే ఆరిపోతుంది. ఆరకుండా మండుతూనే ఉంటే వెనక్కి పంపెయ్యండి. వంటింట్లో గ్యాసు పొయ్యి పైన థర్మకోల్ గానీ పీయూఎఫ్ గానీ ముసుగు లేకుండా వదలకూడదు, కింద సిమెంటు బోర్డో జిప్సం బోర్డో ఉండి తీరాలి. కరెంటు వైర్లు థర్మకోల్‌కు ఆనకూడదు. వైరు పీవీసీ తొడుగులోని మెత్తదనం థర్మకోల్‌లోకి దిగి, తొడుగు పెళుసెక్కి చిట్లుతుంది. వైర్లన్నీ పైపుల్లోంచి పోనివ్వండి.

మన దగ్గర వేడి కన్నా ముందు ఆలోచించవలసింది తేమ. చుట్టూ కాలవలు, వరి చేలు, చేపల చెరువులు. ధనుర్మాసం తెల్లవారుజామున ఇనప రేకు గాలి కన్నా చల్లబడి అడుగున చెమ్మ పడుతుంది. ఆ రేకుకు గ్లాస్ ఉల్ అంటించి ఉంటే నీరంతా అది పీల్చుకుని, బరువెక్కి, మధ్యలో వేలాడి, ఫాల్స్ సీలింగు మీద పసుపు మరకలు తేలుస్తుంది. తడిసిన ఉన్ని వేడి ఆపదు. కాబట్టి రేకుకూ ఉన్నికీ మధ్య రెండంగుళాల గాలి దారి ఉంచి, చూరు దగ్గరా కొప్పు దగ్గరా ఆ గాలి బయటికి పోయే కన్నాలు ఉంచాలి. ఇంకో పెద్ద తప్పు ఏసీ గదుల్లో జరుగుతోంది. చలిదేశాల లెక్కన తయారైన, ఒకవైపు అల్యూమినియం రేకు అంటించిన ఉన్ని సరుకు మీద "రేకు ముఖం గది వైపు" అని ఉంటుంది. అక్కడ తేమ గదిలోంచి పైకి పోతుంది కాబట్టి అది సరే. మన ఏసీ గదికి తేమ వేడిగా ఉన్న పైవైపు నుంచి కిందికి వస్తుంది. రేకు ముఖం పైకి, అంటే అటక వైపు ఉండాలి. అతుకులు అల్యూమినియం టేపుతో మూయాలి. పార్సిళ్లకు వాడే గోధుమరంగు టేపు ఒక్క వేసవికే ఊడివస్తుంది.

పెంకుటిళ్ల వాళ్లకు ఒక మాట. మంగుళూరు పెంకుల అడుగున ఏదీ దట్టించి కుక్కకండి. పెంకు తడి ఆరాలంటే గాలి తగలాలి, లేకపోతే వాసాలు పుచ్చుతాయి. అటక చెక్కల మీద 50 మిల్లీమీటర్ల రాక్ ఉల్ పలకలు పరిచి, పైన పావు అంగుళం కన్నున్న జీఐ జాలీ కప్పితే ఎలుకలు గూడు పెట్టవు. థర్మకోల్‌ను, బబుల్ షీటును ఎలుకలు కొరికి తూట్లు పొడుస్తాయి. కింద లైటు హోల్డర్లూ ఎల్‌ఈడీ డ్రైవర్లూ ఉన్నచోట చుట్టూ జానెడు ఖాళీ వదలండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని గీకడం, పొడిగా డ్రిల్లు పెట్టడం, కొయ్యడం చేయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

డాబా అయితే ఇన్సులేషన్ పైన వెయ్యడమే సరైన పద్ధతి. అడుగున వేస్తే శ్లాబు ఎండకు కాలుతూనే ఉంటుంది, వ్యాకోచించి పగుళ్లిస్తుంది, పైనుంచి దిగే నీరు కూడా కనపడకుండా దాగిపోతుంది. కానీ పైన వేసే ముందు శ్లాబు అడుగు చూడండి. ఉప్పునీళ్లతో, ఉప్పు ఇసుకతో పోసిన పాత శ్లాబులకు ఊచలు తుప్పెక్కి పెచ్చులు రాలుతుంటాయి. 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర చదరపు మీటరుకు 120 కిలోల బరువు. పెచ్చులు ఊడుతున్న శ్లాబు మీద అది పెట్టించకండి, ముందు ఇంజనీరుకు చూపించండి. వాటర్‌ప్రూఫింగు, దాని మీద ఎక్స్‌పీఎస్, దాని మీద కోడిజాలీ వేసిన కాంక్రీటు, నూరు అడుగులకు ఒక అడుగైనా వాలు: ఇదీ వరస. బోర్డులు ఊరికే పరిచి వదిలేస్తామంటే ఒప్పుకోకండి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో గాలి ఎంత బలంగా పైకి లాగుతుందో అందరికీ తెలుసు.

పీయూఎఫ్ స్ప్రే కొట్టేవాళ్లు "తడి ఉన్నా పర్లేదు" అంటారు. పర్వాలేదు అనేది అబద్ధం. ఆ రసాయనం నీటితో కలిసి బుడగలెత్తుతుంది, పట్టు దొరకదు. ఒకేసారి మందంగా కొడితే లోపల వేడెక్కి పగులుతుంది. కొట్టాక సన్నటి తీగ గుచ్చి పదిచోట్ల మందం కొలవండి, మూలల్లో ముఖ్యంగా. ఎండ తగిలే చోట వారాల్లోనే గోధుమరంగు తిరిగి పొడి రాలుతుంది, పైన కోటింగు తప్పనిసరి. కొట్టిన రోజు పిల్లలూ పెద్దలూ ఆ ఇంట్లో పడుకోకూడదు.

కూల్ రూఫ్ పెయింటు మంచిదే, మన శ్లాబులకు ఖర్చు తక్కువలో ఫలితమిచ్చేది అదే. కొత్తగా వేసిన తెల్ల కోటింగు ఎండలో నూటికి 80 వంతుల దాకా తిప్పికొడుతుంది. మోసం నీళ్లు కలపడంలో ఉంది. "20 లీటర్ల బకెట్టు వెయ్యి చదరపు అడుగులకు రెండు పూతలు" అంటే లెక్క చూడండి: వెయ్యి అడుగులు 93 చదరపు మీటర్లు, తడి మందం మొత్తం 215 మైక్రాన్లు. అందులో సగం నీరు ఆరిపోతే మిగిలేది 107. డబ్బా డేటా షీటులో అడిగిన మందంతో దీన్ని పోల్చి, ఎన్ని బకెట్లు కావాలో మీరే తేల్చండి. సీళ్లు మీ ముందే తెరిపించండి. శ్లాబు తడి ఉందో లేదో తెలియాలంటే అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపు వేసి సాయంత్రం నుంచి పొద్దుటి దాకా ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకో వారం ఆగండి. వానాకాలం పాచి పడితే తెల్లదనం పోతుంది, ఏటా ఫిబ్రవరిలో రుద్ది కడగాలి. అంత ఖర్చు పెట్టలేనివారు జిగురు కలిపిన చిక్కని గుల్ల సున్నం ప్రతి మార్చిలో రెండు పూతలు వేసుకున్నా, బబుల్ షీటును శ్లాబుకు అతికించుకోవడం కన్నా వెయ్యి రెట్లు నయం.

బిల్లు లేకుండా డబ్బు కదలనివ్వకండి. అందులో పదార్థం పేరు, మందం, సాంద్రత, కె-విలువ, పరిచిన విస్తీర్ణం, ఐఎస్ (భారత ప్రమాణం) నంబరు ఉండాలి. థర్మకోల్‌కు ఐఎస్ 4671, గ్లాస్ ఉల్, రాక్ ఉల్‌లకు ఐఎస్ 8183, పీయూఎఫ్ పలకలకు ఐఎస్ 12436. కె-విలువ పరీక్ష ఐఎస్ 3346 ప్రకారం చేయించిన రిపోర్టు అడగండి, అందులోని మందం, సాంద్రత మీకు అమ్మేదానివేనా అని సరిచూడండి. "10 డిగ్రీలు తగ్గుతుంది" అని నోటితో చెప్పేది కాగితం మీద రాసివ్వమనండి. ఐదో వంతు డబ్బు ఒక వాన, ఒక వేసవి చూశాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, ఈ వేసవి పోనిద్దాం అనుకుంటూ కాలం జారవిడవకండి. షీటు ఇంకా వేయించుకోబోతున్నవాళ్లు పని మొదలైన రోజే అడుగు చదరం ముక్క ఒకటి కోయించి, దాని మీద తేదీ, అమ్మినతని సంతకం పెట్టించి, బిల్లుతో కలిపి సంచిలో దాచుకోండి.